చావు ఫోటోల చెవిటోడు

నన్ను పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు కాదు, చావులకు పిలిచేవాళ్లు. నంద్యాల వీధుల్లో భుజాన కెమెరా సంచి వేసుకుని నడుస్తుంటే, ఎదురొచ్చిన మనిషి నన్ను చూసి మొదట అడిగే మాట, "ఎవరు పోయినారప్పా?" అని. టీ తాగడానికి పోతున్నా అదే ప్రశ్న. ఎవరూ పోలేదని చెబితే నమ్మేవాళ్లు కాదు, ఏదో దాస్తున్నానని నా వెనకే రెండడుగులు వేసేవాళ్లు.

మొన్న మన చెవిటివాళ్లం కొందరం ఒకచోట కలిశాం. బ్యాంకులో పనిచేసే ఒక పిల్ల నా దగ్గరికి వచ్చి చేతులతో అడిగింది. "తాతా, నువ్వు ఫోటోలు తీసేవాడివి కదా. నీ పేరు కెమెరా నొక్కినట్టు ఉండాలి. కంటి దగ్గర రెండు వేళ్లు విప్పుతారెందుకు?" వినేవాళ్లు కూడా ఇది చదవొచ్చు కాబట్టి చెబుతున్నాను. మాలో ప్రతి ఒక్కరికీ ఒక సైగ పేరు ఉంటుంది. మొహంలోనో, పనిలోనో ఉన్న ఏదో ఒక గుర్తును పట్టుకుని స్నేహితులు పెడతారు. ఆ పిల్ల చుట్టూ ఒక పంతులమ్మ, ఇళ్ల ప్లాన్లు గీసే ఇంజనీరు, కంప్యూటరు పని చేసే కుర్రవాడు నిలబడి ఉన్నారు. అందరూ మనవాళ్లే. వాళ్లను చూస్తే కడుపు నిండింది. జవాబు ఒక్క సైగలో చెప్పేది కాదు, రాసిస్తానన్నాను. రాస్తున్నాను, ఓపికగా చదవండి.

నేను పుట్టు చెవిటిని కాదు. బడికి పోయే వయసులో మెదడు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ చెవులు పట్టుకుపోయింది. మాట మిగిలింది. నా గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు కానీ, విన్నవాళ్ల మొహాలు చూస్తే అంత బాగుండదని అర్థమైంది. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటాను. ఇందులో రాసే మాటలన్నీ నేను చూసినవే గానీ విన్నవి కావు.

డెబ్బైల మొదట్లో నంద్యాలలో ఒక ఫోటో స్టూడియోలో పనికి చేరాను. మా గురువుకు మీసాలు ఉండేవి. మామూలు మీసాలు కావు, పై పెదవిని పూర్తిగా కప్పేసి కింది పెదవి మీద పడేవి. వాటి వెనక ఏం మాట్లాడుతున్నాడో దేవుడికే తెలియాలి. తీసేయమనడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? మా సీమలో మగవాడి మీసం మీద చెయ్యి వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. అందుకని ముఖ్యమైన మాట ఏదైనా చెప్పాల్సి వస్తే ఆయన వేలితో మీసం పైకెత్తి పట్టుకుని చెప్పేవాడు. మీసం ఎత్తకుండా అన్నవన్నీ తిట్లని నేను లెక్క వేసుకున్నాను.

నెగటివ్ కడగడం, ప్రింటు వేయడం, మొటిమలూ మచ్చలూ సన్నని పెన్సిలుతో చెరపడం అన్నీ నేర్పాడు. పెళ్లికి మాత్రం పంపేవాడు కాదు. ఒకసారి గట్టిగా అడిగితే మీసం ఎత్తాడు.

"గట్టిమేళం మోగుతానే తాళి కడతారు. ఆ చప్పుడు వింటేనే మనం నొక్కేది. నీకు యాడ వినపడుతుందిరా? ఆ ఒక్క ఫోటో తప్పితే మళ్లీ పెండ్లి చేయిస్తారా నీకోసం?"

"మరి నేనేం చేయాల?"

"చావులకు నువ్వు పో. ఆడ తొందర ల్యా. ఏడుపులు నీకు వినపడవు. నాకైతే ఆ ఏడుపులు విని ఇంటికొస్తే అన్నం దిగదురా."

ఆయన నా మేలు కోరే అన్నాడు. ఏడుపులు నాకు వినపడని మాట నిజమే. కానీ వినేవాడు తల పక్కకు తిప్పుకుని చెవితో సరిపెట్టుకోవచ్చు, నాకు ఆ వీలు లేదు. ఏడ్చే నోరు ఎలా తెరుచుకుంటుందో, గొంతు నరాలు ఎలా ఉబ్బుతాయో నేను చూసినంత దగ్గరగా మా గురువు ఎన్నడూ చూసి ఉండడు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

ఈ కాలం పిల్లలకు ఇది వింతగా ఉంటుంది. ఆ రోజుల్లో పల్లెల్లో చాలామంది ఒక్క ఫోటో కూడా లేకుండానే బతికేవాళ్లు. మనిషి పోయాక అయ్యో, ఒక్క గుర్తు కూడా లేదే అని గుండె గుబేలుమనేది. అప్పుడు మాకు కబురు. పోయినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, ఒరిగిపోకుండా వెనక నుంచి తువ్వాలుతో కట్టి, విభూతి పెట్టి, పూలదండ వేసేవాళ్లు. ఇంటివాళ్లు చుట్టూ నిలబడేవాళ్లు. నేను తీసేవాణ్ణి. అలా చావు ఫోటోల చెవిటోడినయ్యాను.

ఆదివారం సాయంత్రాలు నంద్యాల స్టేషన్ ప్లాట్‌ఫారం మీద మనవాళ్లం కలిసేవాళ్లం. అక్కడ దీపాలు ఉంటాయి, బెంచీలు ఉంటాయి, చేతులతో మాట్లాడుకుంటుంటే రైలు కోసం కూర్చున్నవాళ్లకు కాలక్షేపం. ప్రింటింగ్ ప్రెస్సులో అక్షరాలు కూర్చే కంపోజిటర్ మా అందరికీ పెద్ద. ఆళ్లగడ్డ నుంచి బస్సులో ఒక శిల్పి వచ్చేవాడు. వ్యవసాయ పరిశోధన కేంద్రంలో విత్తనాలు ఏరే పనిచేసే ఒకమ్మాయి వాళ్లన్నతో వచ్చేది. ఆ అమ్మాయే తర్వాత నా భార్య అయింది, అది వేరే కథ. జాకెట్లు కుట్టే దర్జీ, రైస్ మిల్లు ఫిట్టరు కూడా ఉండేవాళ్లు. నాకు పేరు పెట్టింది కంపోజిటరే. కళ్లు మూసి, తల భుజం మీదికి వాల్చాడు. అంటే శవం. అందరూ పడీ పడీ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికి పోయాక నవ్వు రాలేదు.

నాకు ఒక్కటే కోరిక ఉండేది. ఆళ్లగడ్డలో సొంతంగా స్టూడియో పెట్టాలి. శిల్పి అద్దెకు గది కూడా చూసి పెట్టాడు. గురువు వద్దన్నాడు. "చావు ఫోటోలతో అంగడి నడవదురా. పెండ్లిళ్లు రావల్ల. నిన్ను పెండ్లి పందిట్లోకి ఎవరు రానిస్తారు?" ఆయన మాటలో అబద్ధం లేదు. చెవుడు ఒక అడ్డు, శకునం ఇంకో అడ్డు. రెండోది మొదటిదాని కన్నా పెద్దది.

అలాంటి రోజుల్లో ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లె నుంచి కబురొచ్చింది. నడివయసు రైతు. జొన్న చేలో పాము కరిచింది. భార్య, పదేళ్లు ఉంటాయేమో ఒక కూతురు. నా పని నేను చేసుకుని సంచి సర్దుకుంటుంటే ఆ ఇల్లాలు వచ్చి నా ఎదుట నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మాట మాత్రం నిదానంగా ఉంది.

"అన్నా, కండ్లు తెరిపించి ఇస్తావా? నా బిడ్డ ఈ ఫోటో చూసుకొని పెరగల్ల. పండుకున్న నాయన వద్దు దానికి. చూసే నాయన కావల్ల."

అది మా పనిలో ఉన్నదే. ప్రింటు మీద సన్నని బ్రష్షుతో తెరిచిన కళ్లు గీసి, దాన్ని మళ్లీ ఫోటో తీసి ఇస్తాం. కానీ ఆయన బతికి ఉండగా నేను చూడలేదే, ఏ కళ్లు గీయాలి? మా గురువు మీసం ఎత్తి సులువుగా తేల్చేశాడు. "తమ్ముడుండాడంట కదా. అన్నదమ్ములు ఒకే అచ్చు. ఆయప్ప కండ్లు పెట్టు." ఆ తమ్ముణ్ణి చావు ఇంట్లో నేను చూశాను. పశువుల కొట్టం గోడ దాటి ఇవతలికి రాలేదు. దుఃఖం పట్టలేక అనుకున్నాను. గురువు మనిషిని పంపి ఆ తమ్ముణ్ణి నంద్యాలకు రప్పించి కూర్చోబెట్టాడు. నేను చూసి గీశాను. గీత బాగా కుదిరింది, గురువు నా వీపు తట్టాడు.

పటం కట్టించి తీసుకుపోయి ఇచ్చాను. ఆ ఇల్లాలు చూసింది. ఒక్క క్షణమే. పటాన్ని మంచం మీద బోర్లా పెట్టింది.

"ఇవి ఆయన కండ్లు కాదు. పొలం గట్టు కాడ కొట్లాడి, చచ్చేదాకా అన్నను పలకరించని మనిషి కండ్లు ఇవి. ఈ కండ్లు నా ఇంట్లో గోడకుండి నా బిడ్డను చూడల్నా? తీసకపో."

ఊళ్లో ప్రతి నోరూ ఎరిగిన పగ అది. చెవులున్న మా గురువు ఆ ఊరి మనిషిని ఒక్క మాట అడిగి ఉంటే తెలిసేది. కళ్లున్న నేను కొట్టం గోడ దగ్గరి మనిషిని సరిగ్గా చూసి ఉన్నా తెలిసేది. ఇద్దరం కలిసి ఒక విధవరాలి ఇంట్లోకి పగవాణ్ణి తెచ్చి పెట్టాం.

గురువు ఇక వదిలేయమన్నాడు. ఏదో ఒకటి చెప్పి పంపించేయచ్చు, పోయిన మనిషిని ఎట్ల తెస్తామన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ ఇల్లాలు నన్ను అన్నా అని పిలిచింది. చావు ఇళ్లల్లో నన్ను ఎవరూ ఏమీ పిలవరు, భుజం మీద తట్టి ఇటు అటు జరుపుతారు. ఆ పటం చంకలో పెట్టుకుని బస్సెక్కి ఆళ్లగడ్డ పోయాను.

శిల్పి పనిచేసే చోట దేవుళ్లందరూ దుమ్ము కొట్టుకుని నిలబడి ఉన్నారు. అన్నీ పూర్తయిన ఒక అమ్మవారికి కళ్లు మాత్రం లేవు. మీకు తెలుసో లేదో, విగ్రహానికి కళ్లు అన్నిటికన్నా చివర తెరుస్తారు. నా పటం చూసి శిల్పి పెదవి విరిచాడు. ఉలి కింద పెట్టి చేతులు దులుపుకుని చెప్పాడు.

"కళ్లు గీసినావు. చూపు గీయలేదు. ఈ మనిషి ఎవరినీ చూడటం లేదు."

"చూపు ఎక్కడి నుంచి తేవాలి? మనిషి లేడు కదా."

"ఆయన ఎక్కువగా ఎవరిని చూసేవాడో వాళ్ల దగ్గరికి పో."

మళ్లీ ఆ పల్లెకు పోయాను. తలుపు తీస్తారో లేదో అనుకుంటూనే పోయాను. ఆ ఇల్లాలు తీసింది. ఆయన ఎక్కువగా ఎవరిని చూసేవాడని అడిగితే, "మా పాపవి ఆయన కండ్లే. అందరూ అంటారు. ఆయన చూసేదీ దాన్నే," అంది.

ఆ పిల్ల అరుగు మీద నా ఎదురుగా కూర్చుంది. నేను గీస్తున్నాను. కదలకుండా ఉండటం దానికి చేతకాదు. నా గొంతు కోడిపుంజు గొంతులా ఉందని చెప్పింది. తర్వాత అడిగింది.

"నీకు ఏమీ వినపడదా? పిడుగు పడినా?"

"పడినా వినపడదు."

నా పెన్సిలు వైపు చూసి, మళ్లీ నా వైపు తిరిగింది. "మా నాయన పిలుస్తే ఇప్పుడు నాక్కూడా వినపడదు."

అప్పుడు చూసిందే, ఆ చూపు! పెన్సిలు ఆపలేదు. దాన్ని ఎలాగో కాగితం మీదికి తెచ్చుకున్నాను. నంద్యాల వచ్చి పాత కళ్లు చెరిపి ఆ కళ్లు పెట్టాను. పిల్ల కళ్ల కింద వయసు గీతలు వేశాను, చూపును మాత్రం ముట్టుకోలేదు. ఈసారి పటం తీసుకుపోయి ఇస్తే, ఆ ఇల్లాలు రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె పెదవులు ఒక్కసారే కదిలాయి. "వచ్చినాడు," అంది.

ఏళ్లు గడిచాయి. ఎనభైలు వచ్చాయి. నేను ఇంకా చావులకే పోతున్నాను. ఆళ్లగడ్డలో గది వేరే ఎవరికో పోయింది, శిల్పి ఇంకోటి చూశాడు, అదీ పోయింది. స్టేషన్‌లో కంపోజిటర్ కనపడగానే తల వాల్చి కళ్లు మూసేవాడు. అది నా పేరైపోయింది, ఆయన తప్పేం లేదు.

ఒకరోజు ఆ ఇల్లాలు నంద్యాల స్టూడియోకు వచ్చింది. కూతురి పెళ్లి. మా గురువు పంచాంగం తీసి రోజు చూసుకుంటున్నాడు. ఆమె వేలితో నన్ను చూపించింది.

"ఆయప్పను పంపు."

గురువు ఉలిక్కిపడ్డాడు. గట్టిమేళం సంగతి చెప్పాడు, శకునం సంగతి నసిగాడు. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. "నా ఇంటికి నాయనను తెచ్చినోడు తాళి ఫోటో తీయలేడా? ఆయప్ప రాకపోతే ఫోటోలే వద్దు పో," అని వెళ్లిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు, ఫోటోలు కడిగే ఎర్రదీపం గదిలోకి పోయి తలుపేసుకున్నాను.

ఇద్దరం పోయాం. గురువు తన చెవుల మీద నమ్మకంతో ఒక ఏర్పాటు చేశాడు. నా వెనక నిలబడతాడు, మేళం మొదలవగానే భుజం మీద తడతాడు, నేను నొక్కాలి. సరేనన్నాను. పెళ్లి పందిట్లో ఒక కుర్చీలో ఆ రైతు పటం పెట్టి పూలదండ వేశారు. మగపెళ్లివారి పెద్దాయన ఒకాయన దాని ముందు ఆగి ముచ్చటపడ్డాడు.

"ఎంత బాగుండాడప్పా మనిషి! ఎదురుగా కూర్చొని చూస్తాన్నట్లే ఉండాది. ఎవరు తీసినారు?"

ఎవరో నన్ను చూపించారు. ఇంకెవరో ఉత్సాహంగా అందించారు, పోయినాక తీసిందని, కళ్లు గీసినవని. ఆయన మొహం మాడిపోయింది. నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"చావు ఫోటోల చెవిటోడు వీడేనా? శుభమా అని పెండ్లి చేసుకుంటా, వీన్ని పిలుచుకొస్తారా ఎవరైనా? ముందు బయటికి పంపండి."

జనం నా వైపు తిరిగారు. చెవిటివాడికి అవమానం ఎలా వస్తుందో తెలుసా? చప్పుడు లేకుండా అన్ని మొహాలూ ఒక్కసారి తిరుగుతాయి. నేను సంచి తీసుకున్నాను. గురువు నా చెయ్యి పట్టుకుని బయటికి నడిపించబోయాడు.

ఆ ఇల్లాలు అప్పటిదాకా ఇంట్లో గడప లోపలే నిలబడి ఉంది. ముహూర్తం వేళ విధవరాలు పందిట్లోకి రాకూడదు కదా, కన్నతల్లైనా సరే. కన్యాదానానికి తల్లిదండ్రుల చోట మేనమామ దంపతులు కూర్చున్నారు. ఆమె గడప దాటింది. ఆడవాళ్లు పట్టుకోబోయారు, విదిలించుకుంది. తిన్నగా నడిచొచ్చి నా పక్కన నిలబడింది.

"ఆయప్ప అశుభమైతే నేనూ అశుభమే. ఇద్దరినీ కలిపి బయటికి పంపించండి. అప్పుడు చేసుకోండి పెండ్లి."

ఆ పెద్దాయన ఏదో అనబోయాడు, పెళ్లికొడుకు పీటల మీద నుంచి తల అడ్డంగా ఊపాడు. పురోహితుడు ముహూర్తం మించిపోతుందని చేతులు ఆడించాడు. అంతే, ఎవరి చోటికి వాళ్లు పోయారు. ఆమె మాత్రం లోపలికి పోలేదు, నా పక్కనే ఉండిపోయింది.

నేను కెమెరా సర్దుకున్నాను. మా గురువు ఇన్నేళ్లూ గమనించని సంగతి ఒకటుంది. మేళగాళ్లకు కూడా తాళి కట్టేది కనపడదు, జనం అడ్డం ఉంటారు. పురోహితుడు చూపుడు వేలు పైకెత్తి ఆడిస్తాడు, అది చూసి వాళ్లు గట్టిమేళం అందుకుంటారు. పెళ్లి మొత్తానికి ముఖ్యమైన మాట చేత్తోనే చెబుతారు. నేను ఆ వేలు చూస్తూ కూర్చున్నాను.

వేలు లేచింది. అందరూ తాళి వైపు చూస్తున్నారు. పెళ్లికూతురు తల వంచుకుని ఉండాలి, కానీ ఆ పిల్ల ఎప్పుడు కుదురుగా కూర్చుంది గనక? తలెత్తి, గడప వైపు కాకుండా, నా పక్కనున్న తల్లి వైపు చూసింది. అరుగు మీద చూసిన చూపే. నొక్కాను.

భుజం మీద చెయ్యి రాలేదు. అక్షింతలు నా నెత్తిన పడుతున్నాయి. వెనక్కి తిరిగి చూస్తే మా గురువు తట్టడం మరిచిపోయి, పైపంచెతో కళ్లు తుడుచుకుంటున్నాడు.

ఆ ఫోటో గొప్పగా వచ్చిందని చెప్పను. పెళ్లికొడుకు మోచెయ్యి అడ్డం పడి తాళి సగమే కనిపిస్తుంది. గురువు ఎర్రదీపం కింద చూసి "తాళి యాడరా?" అన్నట్టు చెయ్యి తిప్పాడు. తర్వాత మళ్లీ చూసి, ప్రింటును తనే ఆరేశాడు. పటం తీసుకుపోయి ఇస్తే, ఆ ఇల్లాలు దాన్ని భర్త పటం పక్కన మేకుకు తగిలించి, వెనక్కి జరిగి నిలబడింది. రెండు పటాల్లోనూ అవే కళ్లు.

"ఇద్దరూ నన్నే చూస్తాండారన్నా," అంది.

ఆ తర్వాత ఒక ఉదయం మా గురువు స్టూడియోకు వస్తే నేను గుర్తుపట్టలేదు. మీసాలు లేవు! పెదవులు పాలిపోయి, ఎండ తగలని చోటులా ఉన్నాయి. వేలు పైకెత్తకుండా నాతో మాట్లాడాడు. ఆళ్లగడ్డలో గది చూశానని, పాత కెమెరా నాకే ఇస్తానని, నాతో మాట్లాడాల్సింది చాలా ఉందని. ఆ రోజు సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఇన్నేళ్లు తిట్లనుకున్నవాటిలో సగం మెచ్చుకోళ్లని అప్పుడు తెలిసింది.

ఆళ్లగడ్డలో నా స్టూడియో నడిచింది. పెళ్లిళ్లు ఒక్కొక్కటే వచ్చాయి. ఆ పెద్దాయన మాత్రం తన ఇంటి శుభకార్యాలకు నన్ను ఎన్నడూ పిలవలేదు. ఆయన పోయినప్పుడు పిలిచారు. పోయాను. ఆయన కళ్లు కూడా తెరిపించి ఇచ్చాను, మనవణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని.

స్టూడియో తెరిచిన వారం స్టేషన్‌కు పోతే, కంపోజిటర్ దూరం నుంచే నన్ను పిలవడానికి తల వాల్చబోయి, సగంలో ఆగిపోయాడు. ఆలోచించాడు. కంటి దగ్గర రెండు వేళ్లు పెట్టి, మెల్లగా విప్పాడు. దర్జీ చేశాడు, ఫిట్టరు చేశాడు, శిల్పి దుమ్ము చేతులతో చేశాడు. మా ఆవిడ అందరికన్నా ఆఖరున చేసింది. అదమ్మా, బ్యాంకు పిల్లా, నా పేరు.

ఇంకొక్క మాట. ఆ రోజు నుంచి నాకు ఒక పట్టుదల పట్టుకుంది. మనవాళ్లలో ఎవరికీ పోయాక కళ్లు గీసే అవసరం రాకూడదని. ఒక్కొక్కరి దగ్గరికి పోయి, పనిలో ఉండగా తీశాను. అక్షరాల పెట్టెల ముందు కంపోజిటర్, విత్తనాల చాటతో మా ఆవిడ, కొలత టేపు మెడలో వేసుకున్న దర్జీ, నూనె చేతులతో ఫిట్టరు, అమ్మవారికి కళ్లు తెరుస్తున్న శిల్పి. వాళ్లలో ఇప్పుడు చాలామంది లేరు. అందరూ నా గోడ మీద కళ్లు తెరుచుకుని ఉన్నారు.

గోడ మీద ఇంకా చోటుంది. రండి. పండగ బట్టలు కట్టుకుని రావద్దు, పని బట్టల్లోనే రండి.